టిబెటన్ గుడి, కాంక్రీటు గోడలు, నడినెత్తిన స్కైలైట్: ఎలా కలపాలి?

లావణ్య (డెన్వర్)

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్ట్‌ని. ఊరు తెనాలి, ఉండేది డెన్వర్. ఒక చిన్న ఆఫీసులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ గీసినవి కాఫీ షాపులు, పళ్ల డాక్టర్ల క్లినిక్‌లు, ఒక బీరు కంపెనీ షెడ్డు. ఈసారి తగిలిన పని వేరే రకం. ఆఫీసులో అడగడానికి మనిషి లేక ఇక్కడ అడుగుతున్నాను.

ఒక టిబెటన్ బౌద్ధ బృందం పాత టైర్ల గోడౌన్ కొనుక్కుంది. సభ్యుల్లో ఎక్కువమంది ఇక్కడి అమెరికన్లే. వాళ్ల గురువు డెబ్భై దాటిన లామా. గోడౌన్ లోపల వాళ్లకో లాఖాంగ్ కావాలి. ఆ మాటకి అర్థం 'దేవుడి ఇల్లు' అట. మనం దేవుడి గది అన్నట్టే ఉంది కదా.

మా బాస్ ఆలోచన ఇది: నున్నగా పాలిష్ చేసిన కాంక్రీటు నేల, ఖాళీ తెల్ల గోడలు, సరిగ్గా విగ్రహం నెత్తిమీద ఎనిమిది అడుగుల స్కైలైట్, పక్క గోడకి ఒకే ఒక్క థంకా, అంటే గుడ్డమీద రాసిన బౌద్ధ చిత్రం. ఆ థంకాని ఆయన 'యాక్సెంట్' అంటారు. సోఫా మీద రంగు దిండు లాగ అన్నమాట. రెండర్, అంటే కట్టాక ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మ, తయారుచేసింది నేనే. రాత్రి పదకొండింటికి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో దొరికిన బుద్ధుడి మోడల్ ఒకటి తెచ్చి పెట్టేశాను. అది థాయ్‌లాండ్ బుద్ధుడని నాకు తెలీదు. లామా గారు చూసి పకపకా నవ్వారు. "ఈయన మా చుట్టమే, ఉండనివ్వండి. మరి మావాడు ఎక్కడ కూర్చుంటాడు?" అన్నారు. నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత కాఠ్మండూ నుంచి, లోపలి బొమ్మలు రాయబోయే చిత్రకారుడు వీడియో కాల్‌లోకి వచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే: "ఎత్తు ఎంత ఇస్తారు?" ఏసీ డక్ట్ కింద తొమ్మిది అడుగులు మిగులుతుంది, దానికి సర్దండి అన్నాను. మా బాస్ ఇంకో అడుగు ముందుకేసి, బుద్ధుడి కింద ఉండే తామరపువ్వు కాస్త కోసేస్తే సరిపోదా అన్నారు. ఆ తర్వాత కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు.

మొన్న అమ్మానాన్న వస్తే ఇక్కడే కొలరాడోలో రెడ్ ఫెదర్ లేక్స్ దగ్గరున్న ధర్మకాయ మహాస్తూపానికి తీసుకెళ్లాను. 108 అడుగుల ఎత్తు. 1988లో మొదలుపెట్టి 2001లో ప్రతిష్ఠ చేశారు. వెయ్యేళ్లు నిలవాలని ప్రత్యేకంగా కలిపిన కాంక్రీటుతో, చాలావరకు వాలంటీర్లే కట్టారు. లోపల ఇరవై అడుగుల బుద్ధుడు. 2020లో కార్చిచ్చు ఆ లోయలోకి వచ్చి చుట్టుపక్కల కొన్ని భవనాలు కాలిపోయినా స్తూపం మిగిలింది. మా నాన్న మూడు ప్రదక్షిణలు చేసి వచ్చి, "అమరావతిలో స్తూపం బోర్లించిన గిన్నెలా ఉండేదట కదా, దీనికి మెడ పెరిగిందేమిటే?" అన్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు నాన్న గుంటూరు నుంచి బస్సులో వెళ్లి వచ్చారు. ఉప్పు వేసిన వెన్న టీ తాగి రెండు రోజులు దాని గురించే చెప్పారు. అందుకని ఈ విషయంలో తనకి కొంత హక్కుందని ఆయన నమ్మకం.

నా ప్రశ్న ఇదీ. ఆ స్తూపంలో కాంక్రీటూ ఉంది, టిబెటన్ కొలతలూ ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నట్టు లేదు. నా గోడౌన్‌లో మాత్రం రెండూ కొట్టుకుంటున్నాయి. ఎక్కడ పట్టు పట్టాలి, ఎక్కడ విడవాలి? ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్లు, చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

మూర్తి

కలపడం ఎందుకండీ అసలు? హిమాలయాల్లో పుట్టిన కళ, దాని చలి, దాని మట్టిగోడ, దాని చీకటి దానికి ఉన్నాయి. తీసుకెళ్లి టైర్ల గోడౌన్‌లో పెడితే హోటల్ లాబీలో నటరాజ విగ్రహం పెట్టినట్టే. మీ బాస్‌ని మంచి యోగా హాల్ కట్టుకోమనండి. బుద్ధుణ్ణి వదిలేయమనండి.

ఆళ్లగడ్డ శిల్పి

అమ్మా లావణ్యా, నాది ఆళ్లగడ్డ. మా నాన్న రాయి కొట్టేవారు. నేను తిరుపతిలో శిల్పం నేర్చుకుని, పదిహేడేళ్లుగా అమెరికాలో మన గుళ్లకి గోపురాల పని, సిమెంటు బొమ్మల పని చేస్తున్నాను. ఏడాదికి ఎనిమిది నెలలు ఇక్కడే. నేను రాసేది కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మూర్తి గారికి ఒక మాట. మీ బాధ నాకు అర్థమైంది. లాబీ నటరాజు నాకూ ఒళ్లు మంట. కానీ టిబెటన్ కళ ఒకే కొండమీద, ఒకే గాలిలో పుట్టిందనుకోవడం సరికాదండీ. ఎనిమిదో శతాబ్దంలో కట్టిన సామ్యే, వాళ్ల మొట్టమొదటి విహారం. దాని ప్రధాన ఆలయానికి మూడు అంతస్తులు, మూడు దేశాల పద్ధతి అని వాళ్లే గొప్పగా చెప్పుకుంటారు: టిబెట్, చైనా, భారతం. షాలూ అనే చోట టిబెటన్ గోడలమీద చైనా పచ్చ పెంకుల కప్పు ఉంది, లోపల బొమ్మలు నేవారీ, అంటే కాఠ్మండూ లోయ కళాకారుల, చేతివాటం. నేపాల్ నుంచి ఆర్నికో అనే కుర్రాడు టిబెట్‌కి పనికి వెళ్లి, అక్కణ్ణుంచి కుబ్లాయ్ ఖాన్ దర్బారుకి చేరి, ఇప్పటి బీజింగ్‌లో తెల్ల స్తూపం కట్టాడు. అది 1279లో పూర్తయింది, ఇప్పటికీ ఉంది. కాబట్టి పొరుగువాడి కప్పు తెచ్చుకోవడం వాళ్లకి కొత్తేం కాదు. ఏది తెచ్చుకున్నారు, ఏది ముట్టుకోనివ్వలేదు అన్నది చూడాలి.

ముట్టుకోనివ్వనిది కొలత. ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. కొన్నేళ్ల కిందట ఒక గుడివాళ్లు బంగారు పూత కలశాల కోసం నన్ను నేపాల్‌లోని పాటన్‌కి పంపారు. మైనం పోత విగ్రహాలకి పెట్టింది పేరు ఆ ఊరు. టిబెటన్ మఠాలకి బుద్ధుల, తారాదేవి విగ్రహాలు చాలావరకు అక్కణ్ణుంచే వెళ్తాయి. పని ఆలస్యమై ఇరవై రోజులు ఉండిపోయాను. పక్కింట్లో థంకాలు రాసే పెద్దాయన ఉండేవాడు. నాకు ఆయన భాష రాదు, ఆయనకి నాది రాదు. ఒకరోజు ఆయన గుడ్డని చట్రానికి బిగించి, సుద్ద పట్టించిన నూలు నిలువునా లాగి పట్టి టప్పున వదిలాడు. అచ్చం మేం రాయిమీద వేసినట్టే, గుడ్డ నడిమధ్య గీత పడింది. దాన్ని ఏమంటారని సైగ చేశాను. "త్సాంగ్‌థిగ్" అన్నాడు. వాళ్లబ్బాయికి హిందీ వచ్చు, అర్థం అడిగితే "బ్రహ్మ రేఖ" అన్నాడు. మేం ఆ గీతని బ్రహ్మసూత్రం అంటాం తల్లీ. నాకు ఒళ్లు జలదరించింది. ఆ పూట అన్నం తినడం కూడా మర్చిపోయి ఆయన పక్కనే కూర్చున్నాను.

మాకు అంగుళం ఎలాగో వాళ్లకి 'సోర్' అలాగ. అది స్కేలుమీద అంగుళం కాదు, ఆ బొమ్మ వేలి వెడల్పు. బొమ్మ పెరిగితే అదీ పెరుగుతుంది. మా లెక్కలో విష్ణువుకి ఉత్తమ దశతాళం అనే కొలత, మొత్తం ఎత్తు 124 అంగుళాలు. వాళ్ల బుద్ధుడికి ఒక లెక్కలో 120, కాలచక్ర తంత్రం లెక్కలో 125. ఆ కాలచక్రాన్ని బుద్ధుడు మొదట చెప్పింది శ్రీధాన్యకటకంలో అని వాళ్ల సంప్రదాయం. ధాన్యకటకం అంటే మీ నాన్నగారి అమరావతే. లాసా దగ్గరి డ్రెపుంగ్ మఠం పేరుకి అర్థం కూడా 'ధాన్యపు రాశి', ఆ పేరు పెట్టుకుంది మన ధాన్యకటకాన్ని తలుచుకునే. నాన్నగారికి ఇది చెప్పు, ఆయన హక్కు ఇంకొంచెం పెరుగుతుంది.

ఇప్పుడు నీ తొమ్మిది అడుగులు. బొమ్మని మొత్తంగా చిన్నది చేయొచ్చు, అందులో దోషం లేదు. జేబులో పట్టే బుద్ధుడికీ అవే కొలతలు. తామరపువ్వు మాత్రం కొయ్యకూడదు. అది కుర్చీ కాళ్లు కాదు, బొమ్మలో భాగం. మీ బాస్‌కి అలా చెప్తే అర్థం కాకపోతే ఇలా చెప్పు: ఆయన గీసిన బిల్డింగ్‌లో పునాది కాస్త కోసేస్తే సరిపోదా అని అడుగు. అసలు సెక్షన్ (నిలువు కోత బొమ్మ) డక్ట్ దగ్గర మొదలుపెట్టొద్దు. పీఠం, బొమ్మ, వెనక ప్రభ, పైన గొడుగు, ఆ పైన ఊపిరాడేంత ఖాళీ: కింద నుంచి ఇలా పైకి వెళ్లు, ఎంత తేలితే అంత. డక్ట్ రేకుదే కదా, దాన్ని వంచు.

స్కైలైట్ సంగతి. నెత్తిమీద గాజు పెడితే కొలరాడో ఎండకి బట్టా రంగూ రెండూ పాడవుతాయి. పైగా పైనుంచి పడే వెలుగులో కళ్ల కింద నీడ వచ్చి శాంతమూర్తి కాస్తా నిద్రలేనివాడిలా కనిపిస్తాడు. మా గర్భగుడిలో దీపం కిందనే ఎందుకు పెడతామో ఎప్పుడైనా ఆలోచించావా? అయితే మీ బాస్ కోరిక పూర్తిగా తీసిపారేసేది కాదు. టిబెటన్ సభామండపాల్లో నడిమి కప్పుని పొడుగు స్తంభాల మీద లేపుతారు. ఆ లేపిన భాగానికి పక్క కిటికీలు పెడతారు. వెలుగు హాలు మధ్యలో పడి, అక్కణ్ణుంచి మెత్తగా విగ్రహం మొహానికి చేరుతుంది. స్కైలైట్‌ని హాలు మధ్యకి జరుపు, పడుకోబెట్టిన గాజుని నిలబెట్టు. అటు మోడ్రన్, ఇటు సంప్రదాయం, ఒక్క కిటికీతో ఇద్దరూ ఊరుకుంటారు.

ఇంకొన్ని గబగబా చెప్తాను. విగ్రహం లోపల బోలుగా ఉంటుంది. దాంట్లో నిలువునా ఒక కర్ర, దాన్ని 'ప్రాణవృక్షం' అంటారు, చుట్టూ మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు నింపి అడుగు మూస్తారు. నింపనిదే ప్రతిష్ఠ లేదు. ఆ పని ఎక్కడ చేస్తారో, తర్వాత బరువు ఎంతవుతుందో ముందే అడిగి మీ స్ట్రక్చరల్ ఇంజనీరుకి చెప్పు. గ్రంథాల అర ఎత్తులో ఉండాలి, బుద్ధుడి మాటల సంకలనం కంజూర్ ఒక్కటే వంద సంపుటాలు దాటుతుంది, అదీ బరువే. పైన మెజనైన్ (సగం అంతస్తు) ఉంటే విగ్రహం నెత్తిమీదకి బాత్‌రూమ్ రాకుండా చూడు. నవ్వకు, నేను ఒక గుడి ప్లాన్‌లో చూశాను.

గోడ బొమ్మలకి ఒక ఉపాయం. భూటాన్‌లో చాలాచోట్ల గోడమీద నేరుగా రాయరు. పల్చటి గుడ్డమీద రాసి, గోడకి అతికిస్తారు. మీ చిత్రకారుడు కాఠ్మండూలో తన పద్ధతిలో రాసుకుని చుట్టచుట్టి పంపొచ్చు. మీ గోడౌన్ గోడ ఎండకీ మంచుకీ కదిలినా, రేపు వాళ్లు వేరే చోటికి మారినా బొమ్మ బతుకుతుంది. కళ్లు మాత్రం చివర్న తెరుస్తారు, మాకు నేత్రోన్మీలనం ఉన్నట్టే. దానికి ఆయన్ని ఇక్కడికి రప్పించేందుకు టికెట్ డబ్బులు బడ్జెట్‌లో పెట్టించు.

నేల, తలుపులు, హీటింగ్, బయటి గోడ మీ ఆఫీసు ఇష్టం. ఒక్కటే కోరతాను: అందం కోసమని గోడౌన్ కిటికీల చుట్టూ నల్ల చట్రాలు గీసి, గోడలు ఏటవాలుగా ఉన్నట్టు ప్లైవుడ్ కొట్టొద్దు. టిబెట్‌లో గోడ కింద మందంగా, పైకి పల్చబడేది రాయి, మట్టి బరువు మోయడానికి. మీ రేకుల షెడ్డుకి ఆ బరువెక్కడిది?

సుధీర్ (స్కాట్లండ్)

నేను డాక్టర్ని, లాకర్బీకి దగ్గర్లో ఉంటాను. ఎస్క్‌డేల్‌మ్యూర్‌లో సామ్యే లింగ్ అనే టిబెటన్ బౌద్ధ కేంద్రం ఉంది, వీలు దొరికినప్పుడు వెళ్తుంటాను. 1967లో ఒక పాత వేట బంగ్లాలో మొదలైంది. గుడి తర్వాత కట్టారు, 1988లో తెరిచారు. చుట్టూ గొర్రెలు, ఎడతెగని వాన, మధ్యలో బంగారు శిఖరం. మొదటిసారి చూసినప్పుడు దారి తప్పానేమో అనుకున్నాను.

శిల్పి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. అక్కడ బొమ్మల పని నడిపింది షెరాబ్ పాల్డెన్ బేరు. టిబెట్‌లో మఠంలో నేర్చుకుని శరణార్థిగా వచ్చినాయన, 2012లో నూరేళ్లు దాటి వెళ్లిపోయారు. ఆయన బొమ్మలు దిగుమతి చేసుకోకుండా ఇక్కడి తెల్లవాళ్లనే కూర్చోబెట్టి ఏళ్ల తరబడి గీతలు నేర్పారు. వడ్రంగులూ మేస్త్రీలూ కూడా చాలావరకు వాలంటీర్లే. లావణ్య గారూ, మీ సభ్యుల్లో ఎవరికైనా కుంచె పట్టే ఓపిక ఉందేమో కనుక్కోండి. తామరరేకులకి రంగు నింపే పని వాళ్లకి ఇస్తే ఆ గోడ వాళ్లదవుతుంది.

వాణి (వింటర్‌టూర్)

స్విట్జర్లాండ్‌లో మా ఇంటికి దగ్గర్లో రికోన్ అనే చిన్న ఊరుంది. ప్రెషర్ కుక్కర్ల ఊరు. కూన్ రికోన్ కుక్కర్లు తయారయ్యేది అక్కడే. 1964 నుంచి ఆ ఫ్యాక్టరీ యజమానులు కూన్ అన్నదమ్ములు టిబెటన్ శరణార్థులకి పనిచ్చారు. వచ్చినవాళ్లకి జీతం దొరికింది, ఇల్లు దొరికింది, గుడి లేదు. చివరికి ఆ అన్నదమ్ములే పూనుకుని ఊరి పైన కొండవాలు మీద టిబెట్ ఇన్‌స్టిట్యూట్ కట్టించారు, 1968లో తెరిచారు.

మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. బయట నుంచి చూస్తే పెద్ద ఆర్భాటం లేదు, అరవైల నాటి స్విస్ కట్టడం. చెట్లకి ప్రార్థన జెండాలు కనపడకపోతే ఏదో స్కూలు అనుకుంటాం. లోపల పూజగదిలోకి అడుగుపెట్టాక తేడా తెలుస్తుంది. అమ్మ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. బయటికి వచ్చాక, "గోడలదేముందే, లోపల మనిషి ఉన్నాడు" అంది. ఆ తర్వాత కింద కుక్కర్ కొంది, ఆ ధర విని నేను కళ్లు మూసుకున్నాను.

శిల్పి గారు బయటి గోడ వదిలేయమన్నది ఇక్కడ కళ్లారా చూడొచ్చు. నాకైతే బంగారు కప్పుకంటే ఇదే నచ్చింది.

మూర్తి

సామ్యే మూడంతస్తుల సంగతి నాకు తెలీదు. సరే, యోగా హాల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'యాక్సెంట్' మాత్రం ఒప్పుకోను.

లావణ్య (డెన్వర్)

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలుగా ఇక్కడికి రాలేకపోయాను, సెక్షన్ మొత్తం మళ్లీ గీస్తున్నాను.

శిల్పి గారూ, బొమ్మ కింద నుంచి మొదలుపెడితే పదమూడున్నర అడుగులు తేలింది. డక్ట్ రెండుగా చీల్చి పక్క గోడల వెంట తీసుకెళ్లాం. ఖర్చు పెరిగింది, మా బాస్ రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. మధ్యలో లేపిన కప్పు, నిలువు గాజు చూపించాక మళ్లీ మామూలయ్యారు. ఇప్పుడు అది తన ఐడియా అని క్లయింట్‌తో చెప్తున్నారు. చెప్పుకోనీ.

ఒక చిక్కు మిగిలింది: దీపాలు. పండగ రోజు నూటెనిమిది వెన్న దీపాలు పెడతారట. ఫైర్ మార్షల్ ఆ మాట వినగానే పెన్ను కింద పెట్టేశాడు.

ఆళ్లగడ్డ శిల్పి

దీపాలకి వేరే గది కట్టు. వాళ్ల మఠాల్లో ఉన్న పద్ధతే, మసి బొమ్మలకి అంటకుండా దీపాల ఇల్లు విడిగా ఉంటుంది. ఇటుక గది, రాతి బల్ల, పొగ పోయే దారి. విగ్రహం ముందు ఒకటో రెండో చాలు. మాకు ఒక గుడి ప్రతిష్ఠలో హోమం పొగకి అలారం మోగి, ఇద్దరు ఫైర్‌వాళ్లు బూట్లతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. పూజారి గారు మంత్రం ఆపలేదు, చేత్తో ఉండమని సైగ చేశారు. పూర్ణాహుతి అయ్యేదాకా పాపం అలాగే నిలబడి, ప్రసాదం తీసుకుని వెళ్లారు. నీకు ఆ గొడవ వద్దు.

లావణ్య (డెన్వర్)

దీపాల గది పార్కింగ్ వైపు వచ్చింది, మార్షల్ ఒప్పుకున్నాడు. నిన్న లామా గారికి కొత్త డ్రాయింగులు చూపించాను. ఈసారి రెండర్‌లో బుద్ధుడు చిత్రకారుడు పంపిన గీతల్లోంచి వచ్చినవాడే. ఆయన చాలాసేపు చూశారు. వేలితో నేల మీంచి కప్పుదాకా నిలువుగా ఒక గీత గీసినట్టు చూపించి, తల ఊపారు. తర్వాత వేలు ముఖద్వారం దగ్గరికి తెచ్చి అడిగారు: "మంచు పడుతుంటే వందమంది వస్తారు. బూట్లు ఎక్కడ విప్పుతారు?"

తెనాలి పిల్లని. గుడి గీశాను, చెప్పులు విప్పే చోటు మర్చిపోయాను. అమ్మకి చెప్తే ఇంకా నవ్వుతూనే ఉంది. సోమవారం లోపు వందమంది బూట్లకి చోటు తేవాలి, ఆ గోడ ఇప్పటికే ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి ఇచ్చేశాం.